చూసి విప్పినవాడు

ఆ గేజిని నేను కడగకుండా ఉండాల్సింది. సంచిలోంచి తీసి అలాగే పక్కన పెట్టి ఉంటే ఒక మనిషి మాట నిలబడేది. కానీ గేజి చేతికి రాగానే ముందు కడగాలన్నది మా నాన్న నేర్పిన పద్ధతి. ఆ పద్ధతిని నమ్ముకునే ఇన్నేళ్లు బతికాను. ఆ రోజూ అలాగే చేశాను.

మాది గోదావరిఖనిలో కాలనీ చివర రెండు గదుల ఇల్లు. ముందు రేకుల వసారా. ఆ వసారాలోనే నా పని. గనుల్లో పంపులకు, కంప్రెసర్లకు, నూనె ఒత్తిడితో నడిచే యంత్రాలకు బిగించే ప్రెషర్ గేజీలు చెడిపోతే బాగుచేస్తాను. చూడటానికి గేజి గడియారంలాగే ఉంటుంది. గుండ్రటి ముఖం, చుట్టూ అంకెలు, ఒకే ఒక ముల్లు. లోపల కొడవలిలా వంగిన సన్నటి ఇత్తడి గొట్టం ఉంటుంది. నీళ్లో నూనో ఒత్తిడితో అందులోకి చేరితే ఆ వంపు కాస్త విచ్చుకుంటుంది. దానికి తగిలించిన చిన్న పళ్లచక్రం తిరిగి ముల్లు కదులుతుంది. ఇంతకు మించి అందులో రహస్యమేమీ లేదు. కానీ ఇనుప పైపు లోపల ఏముందో బయట నిలబడ్డ మనిషికి చెప్పేది అదొక్కటే.

నాన్న కంపెనీ వర్క్‌షాపులో ఈ పనే చేసేవాడు. నేను బడికి పోలేదు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ మంచం పట్టింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, ఉన్నది నేనే. నాన్న మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, నర్సింహస్వామి పటం ముందు అగరుబత్తి వెలిగించి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అక్షరాలు పలక మీద, అంకెలు పాత గేజీల ముఖాల మీద. వాక్యూమ్ గేజి అంటే ఏమిటో చెప్పడానికి ఒకసారి దాని మూతికి రబ్బరు గొట్టం తొడిగి నా నోటికిచ్చాడు.

“పీల్చు బిడ్డా.”

పీల్చాను. ముల్లు వెనక్కి జరిగింది.

“సూడు, ఎట్ల ఎనుకకు పోయిందో! పంపు నీళ్లను గుంజే కాడ గిదే ఉంటది. మరీ ఎనుకకు పోయిందంటే జాలీకి చెత్త పట్టిందన్నట్టు.”

అమ్మ మంచంలోంచే అంది, “దాని నోట్లె బువ్వ పెట్టుమంటే గేజి పెడ్తున్నవా?”

సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు దొరికిన మంచిని స్వామికి చెప్పుకోవడం కూడా నాన్న దగ్గరే నేర్చుకున్నాను. అడుక్కోవడం కాదు, చెప్పుకోవడం. ఇవ్వాళ అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. ఇవ్వాళ నల్లా వచ్చింది. ఇవ్వాళ ఒక గేజి మొదటిసారికే సరిగ్గా నిలిచింది. అమ్మ పోయింది, తర్వాత నాన్న పోయాడు. పెళ్లి వయసు వాళ్లిద్దరి మంచాల దగ్గరే గడిచిపోయింది. అయినా సాయంత్రాలు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. నాన్న వదిలిపోయిన చిన్న పరీక్ష పంపు, సరిచూసుకునే మాస్టర్ గేజి, చేతిలో పని. నాకు లోటేమీ కనిపించేది కాదు.

ఒక కాంట్రాక్టరు దగ్గర పంపు ఫిట్టరుగా చేసే అతను నా దగ్గరకు తరచుగా వచ్చేవాడు. వయసు నలభైకి దగ్గర. ఓపెన్‌కాస్టు గని అడుగున చేరే నీళ్లను తోడి, మెట్లు మెట్లుగా కోసిన అంచుల మీదుగా పైకి పంపే పంపులు వాళ్లవి. సైకిల్ మోటారు ఆపకముందే మాట మొదలుపెట్టేవాడు.

“నీ కొలువు మంచిగున్నదే అక్కా. ఇంట్ల కూసోని దునియ బీపీ అంత జూస్తవు.”

“నీది గూడ జూడాల్నా తమ్ముడూ?”

“నాదెందుకు? మా సార్‌ది జూడు. ముల్లు డయల్ దాటి పోతది.”

ఒకసారి వానలు మొదలయ్యే ముందు ఒక గేజి తెచ్చి నా ముందు పెట్టాడు. పాడైందని కాదు. పంపు కొట్టే దెబ్బకు ముల్లు ఒకటే వణుకుతోందని.

“ఒక్క కాడ నిలుస్తలేదక్కా. బుక్కుల ఏం రాయాలె? తొమ్మిదని రాస్తే, సార్ అచ్చి పది గదరా, కండ్లు నెత్తికెక్కినయా అంటడు. పదని రాస్తే ఎనిమిదంటడు. దాన్నే జూసుకుంట కూసుంటే నా కండ్లు గుంజుతున్నయ్. జర బుద్ధిగ నిలబెట్టరాదు దాన్ని?”

ముల్లు వణకకుండా ఉండటానికి గేజి మూతి లోపల చిన్న ఇత్తడి స్క్రూ బిగిస్తాం. దాని నడిమధ్యన రంధ్రం ఉంటుంది. రంధ్రం ఎంత సన్నగా ఉంటే ముల్లు అంత నిదానం. నాన్న వాటిని రెండు డబ్బాల్లో వేరువేరుగా పెట్టేవాడు. సన్న రంధ్రంవి నూనె యంత్రాలకు, పెద్ద రంధ్రంవి గని నీళ్లకు. “బొగ్గు నీళ్లకు సన్నది పెట్టకు బిడ్డా, బురద కూసుంటది. ముల్లు ఆడితే ఆడనీ” అని ఎన్నిసార్లు చెప్పాడో. నేను ఆ మాట మరిచిపోయి చేశానంటే కొంత బాగుండేది. మరిచిపోలేదు. ఎర్రబడిన అతని కళ్లు చూసి, ఒక్కదానికే కదా అనుకున్నాను. సన్నది బిగించాను.

“నెలకోసారి తెచ్చి కడిగించుకపో తమ్ముడూ. మర్వకు.”

“తెస్తనక్కా, ఫికర్ జెయ్యకు.”

వారం తిరక్కముందే వచ్చి వసారా గడపలో నిలబడి నవ్వాడు. “పటంల దేవుని లెక్క నిలబడ్డదక్కా ముల్లు. సార్ గూడ ఏమంటలేడు.” ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని, నా చేతులకు ఈ విద్య ఇచ్చినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ దండాన్ని తలుచుకుంటే నా చేతులంటే నాకే అసహ్యమేస్తుంది.

ఆ వానాకాలం అతను ఆ గేజిని తేలేదు. గని అడుగున నీళ్లు నిండుతుంటే పంపు ఆపి గేజి విప్పే తీరిక ఎవరికి ఉంటుంది? వేరే గేజీలు పట్టుకుని రెండుసార్లు వచ్చాడు. అదేమైందని నేను అడగలేదు. అడగకపోవడానికి కారణం వెతికాను చాలాసార్లు. ఏమీ లేదు. ఊరికే అడగలేదు.

వానలు తగ్గాక వాళ్ల పంపుల్లో ఒకదాన్ని ఆపి, పైపు ఖాళీ చేసి రెండు రోజులు ఉంచారు. మూడో రోజు పొద్దుటి షిఫ్టు వాళ్లు దాన్ని కాసేపు నడిపి ఆపేశారు. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన అతనికి ఒక పని అప్పగించారు. పైకెళ్లిన నీళ్లు వెనక్కి రాకుండా పట్టి ఉంచే వాల్వు ఒకటి ఉంటుంది. దాని బోల్టులు విప్పి లోపల ఇరుక్కున్న రాయి తీయాలి. విప్పే ముందు పై పైపులో నీళ్లు ఖాళీ అయ్యాయో లేదో గేజి చూసి తెలుసుకోవాలి. కాలేదు. గని అడుగు నుంచి పై అంచు దాకా పైపు నిండా నీళ్లు నిలబడి ఉన్నాయి. మూడో బోల్టు వదులు కాగానే ఆ బరువంతా ఒక్కసారిగా బయటికి తన్నింది. చేతిలోని పానా ఎగిరి కంట్లో కొట్టింది. కుడిచెయ్యి ఇనుము మధ్య ఇరుక్కుంది.

నేను దవాఖానకు వెళ్లేసరికి మూడు వేళ్లు తీసేశారు. ఎడమ కన్ను ఇక లేదన్నారు. కట్ల మధ్య నుంచి అతను నన్ను గుర్తుపట్టాడు.

“జూసిన అక్కా. గేజి జూసే ఇప్పిన. సున్న మీద ఉండె.”

పక్కన కూర్చున్న అతని భార్య అతని పెదాలు తుడుస్తూ, “జూస్తే గిట్లెందుకైతదయ్యా? మాట్లాడకు, పండుకో” అంది. కోపంగా అనలేదు. చిన్నపిల్లవాడికి జ్వరంలో చెప్పినట్టు చెప్పింది.

అది ఏ పంపు అని నేను అడగలేదు. వాళ్లకు పంపులు చాలా ఉన్నాయి. ప్రాణం దక్కింది, అదే చాలనుకున్నాను. ఇంటికొచ్చి నెయ్యి దీపం పెట్టాను.

నెల దాటాక వాళ్ల దగ్గర పనిచేసే మరొకతను గోనెసంచిలో గేజీలు తెచ్చి వసారాలో పెట్టి, సాయంత్రం వస్తానని వెళ్లాడు. నేను బకెట్లో వేణ్నీళ్లు, సోడా కలుపుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటే తీయడం, బ్రష్షుతో రుద్దడం, మూతిలోకి సన్న తీగ దూర్చడం. నాలుగోదానికి అద్దం పగిలి ఉంది. తీగ లోపలికి పోలేదు. కొంచెం గట్టిగా నొక్కాను. ఆవగింజంత నల్లటి గడ్డ ఒకటి ఊడి నీళ్లలో పడింది. చూస్తుండగానే కరిగిపోయింది. మిగతా నీళ్లు ఎలా నల్లగా ఉన్నాయో అదీ అలాగే అయిపోయింది.

అప్పుడు చూశాను, అది సన్న రంధ్రం స్క్రూ అని. గని నీళ్ల గేజికి సన్న స్క్రూ నేను బిగించింది ఒక్కదానికే.

సాయంత్రం ఆ మనిషి వచ్చాక అడిగాను, “ఇది ఏ పంపుది తమ్మీ?”

“గదే అక్కా. మనోడు కన్ను పోగొట్టుకున్నదే. పొల్లగాండ్లకు జెప్పుతనే ఉన్నం, గేజి జూడకుంట చెయ్యి పెట్టకుండ్రిరా అని. ఆయన జూడకనేపాయె.”

అతను వెళ్లాక గేజిని పరీక్ష పంపుకు బిగించాను. చేత్తో తిప్పుతూ ఒత్తిడి ఎక్కించాను. మాస్టర్ గేజి నాలుగు చూపితే ఇదీ నాలుగు చూపింది. తొమ్మిదంటే తొమ్మిది. వదిలితే సున్నా. వెంట్రుకవాసి తేడా లేదు. జరిగిందేమిటో అక్కడ కూర్చునే తెలిసిపోయింది. పంపు ఆగి పైపు ఖాళీగా ఉన్న రెండు రోజుల్లో బొగ్గు బురద ఆ రంధ్రంలో ఎండి బిరడా పడింది. మూడో రోజు పంపు నడిచినప్పుడు గేజి లోపలికి నీళ్లు చేరలేదు. పైన నీళ్లు పడుతున్నాయంటే చాలు, పొద్దుటి షిఫ్టులో గేజి వైపు చూసిన వాళ్లుండరు. మధ్యాహ్నం అతను చూశాడు. పైపు నిండుగా ఉంది, ముల్లు సున్నా మీద ఉంది. నిజంగానే ఉంది. దానికి సాక్ష్యం ఒక్క ఆవగింజంత బురద. దాన్ని నా చేత్తోనే కడిగేశాను.

మర్నాడు ఆ గేజిని గుడ్డలో చుట్టుకుని వాళ్ల సైటు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సూపర్‌వైజరు వాళ్ల పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. నేను మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

“ఇప్పుడు ఆ రంధ్రం మూసుకునే ఉందా అమ్మా?”

“లేదు సార్. కడిగిన.”

“కడిగేశారా?”

“నా అలవాటు సార్. ఏదొచ్చినా ముందుగాల కడుగుత.”

ఆయన గేజిని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. “అమ్మా, మీరు మంచి మనిషి కాబట్టి ఉన్నమాట చెప్తాను. గేజి చూడలేదని అతనే కాగితం మీద సంతకం పెట్టాడు. ఆస్పత్రిలోనే, ఎడమచేత్తో. ఆ కాగితం ఉంది కాబట్టే కాంట్రాక్టరు మెత్తబడి, గేటు దగ్గర కూర్చునే పని ఇస్తానన్నాడు. ఇప్పుడు చూశానంటే ఆ కాగితం అబద్ధమవుతుంది. అబద్ధం రాసిచ్చినవాణ్ని ఎవరు పెట్టుకుంటారు, మీరే చెప్పండి?”

“నా తప్పని నేను రాసిస్త సార్.”

“మీరు ఎవరని రాసిస్తారు? సర్టిఫికెట్ లేదు. గేజీలు మీ దగ్గరికి వస్తున్నట్టు మా రికార్డులోనే లేదు. మీరు మధ్యలోకి వస్తే ముందు పోయేది అతని పనే.” గుడ్డలో గేజిని మళ్లీ చుట్టి నా చేతికిచ్చాడు. “వచ్చారు కాబట్టి, ఇంకో నాలుగున్నాయి. పట్టుకెళ్తారా?”

పట్టుకెళ్లాను. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ నాలుగూ చేతిలో వేలాడుతుండగానే అతని ఇంటికి నడిచాను.

అతను గడపలో కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. నన్ను చూసి, “రా అక్కా, గుండీ పెట్టుడు తుపాకి పట్టినంత కష్టమున్నది” అని నవ్వాడు. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

అతను గుండీ వదల్లేదు.

“అంటే నేను జూసిన.”

“జూసినవు తమ్ముడూ.”

“సున్ననే ఉండె.”

“సున్ననే ఉండె. తప్పు నీది గాదు. నాది.”

“నాకే అనుమానమచ్చిందక్కా. అందరు జూడలే, జూడలే అనవట్టిరి. ఒక్కలు గాదు ఇద్దరు గాదు. ఇగ నేను నిజంగనే జూడలేదేమో, ఊకె జూసిన్ననుకుంటున్ననేమో అని… రెండు దినాలు మంచిగ యాదికి తెచ్చుకుంట. మూడో దినం గేజి కానరాదు, ఉత్త పైపే కనవడ్తది.” అతను మొహం అటు తిప్పుకున్నాడు. “గందుకే సంతకం పెట్టిన.”

అతని భార్య లోపలి నుంచి అంతా విన్నది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అయితే నీవల్లనే అక్కా మేం గిట్లయింది?”

“అవును చెల్లె.”

“రోజు మొక్కుతవు గదా నువ్వు. దీపం ముట్టియ్యందె నీళ్లు గూడ ముట్టవంటరు. ఏమని మొక్కుతవే?”

ఆమె జవాబు కోసం ఆగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అనిపించింది నాకు.

“నువ్వూకో” అన్నాడు అతను భార్యతో. “నెలకోసారి తెమ్మన్నది. నేను తేలే.” తర్వాత నా వైపు తిరిగి ఉన్నట్టుండి అడిగాడు, “సార్‌కు గిట్ల జెప్పినవా అక్కా?”

“జెప్పిన.”

అతని మొహంలో అప్పటిదాకా ఉన్న కాస్త వెలుతురు పోయింది. “ఎంత పని జేసినవే! నేనే నిన్ను తోలిన్ననుకుంటరు. గా గేటు గూడ పోతది. ఒంటి చెయ్యి, ఒంటి కన్ను, నన్నెవడు పనిల పెట్టుకుంటడు?” లేచి దగ్గరికొచ్చాడు. “ఇంకెవ్వలకు జెప్పకు. యూనియనోళ్లకు జెప్పకు. నర్సింహస్వామి మీద ఒట్టెయ్యి.”

స్వామి మీద ఒట్టు నిజం చెప్పడానికి వేస్తారని తెలుసు. నిజం దాచడానికి వేయొచ్చో లేదో నాన్న చెప్పలేదు. అతను వేళ్లు పోయిన చెయ్యి ముందుకు చాపాడు. దాని మీద నా చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. కట్టు కింద ఆ చెయ్యి వెచ్చగా, చిన్నగా ఉంది.

ఇది రాయడం ఒట్టు తప్పడమవుతుందేమో తెలియదు. అందుకే ఎవరి పేరూ రాయలేదు. ఆ సన్న స్క్రూల డబ్బా తీసుకెళ్లి గోదావరిలో పారేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. మర్నాడు ఒక నూనె యంత్రం గేజికి అదే కావాల్సి వచ్చి మంచిర్యాల నుంచి తెప్పించుకున్నాను. గేజీలు వస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్లలో నా చేతి పనికి వంక లేదని సైటులో అంటారట. నా పేరు చెడలేదు. చెడితే బాగుండునని కోరుకున్న మనిషిని నేనొక్కదాన్నేనేమో. సాయంత్రాలు దీపం పెడుతున్నాను. ఒత్తి సరిచేస్తాను, కూర్చుంటాను, లేస్తాను. అతని ప్రాణం మిగిలింది కదా అని చెప్పుకోబోతే నోరు తిరగదు. అతని భార్య అడిగిన ప్రశ్న అడ్డమొస్తుంది.

మొన్నొక రోజు బాగుచేసిన గేజీలు ఇవ్వడానికి పొద్దున్నే సైటుకు వెళ్లాను. అప్పటికే గేటు లోపల అందరినీ వరుసగా నిలబెట్టారు. డ్యూటీ ఎక్కే ముందు రోజూ జాగ్రత్తల ప్రతిజ్ఞ చేయిస్తారు. అది అయ్యాక సూపర్‌వైజరు నాలుగు మాటలు చెప్తాడు. ఒకప్పటి ఆ ఫిట్టరు గేటు పక్కన, ఖాకీ చొక్కా వేసుకుని, అడ్డంగా దించిన గేటు కర్ర తాడు పట్టుకుని నిలబడ్డాడు.

“గేజి చూడకుండా బోల్టు మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో ఎక్కడో చదవక్కర్లేదు” అన్నాడు సూపర్‌వైజరు. “మన కళ్ల ముందే ఉంది.” గడ్డంతో గేటు వైపు చూపించాడు. అందరూ తల తిప్పి చూశారు. వాళ్లకది అలవాటేనని ఆ తిప్పడంలోనే తెలిసింది.

వరుసలోంచి ఎవరో అన్నారు, “రెండు కండ్లున్నప్పుడు జూడకపోతివి గదనే అన్నా!”

నవ్వారు. అతనూ నవ్వాడు. “నీ అసొంటి అందగాణ్ని జూసుకుంట నిలవడ్డరా, గేజి యాదికుంటదా?” అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. సూపర్‌వైజరు కూడా పెదవి బిగబట్టుకుని నవ్వాడు. అప్పుడు ఆయన కళ్లు నా మీద పడ్డాయి. వెంటనే కాగితాల్లోకి దిగిపోయాయి.

నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. యాభైమంది ఉంటారు అక్కడ. ఒక్క మాట చాలు. జూసిండు, జూసే ఇప్పిండు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. అతను నా వైపే చూస్తున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు కానీ మిగిలిన కన్ను మాత్రం నవ్వడం లేదు. వద్దని తల చాలా కొద్దిగా, నాకొక్కదానికే తెలిసేంతగా ఊపాడు.

గేజీలు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను. గేటు దగ్గరికి వచ్చేసరికి కర్ర పైకి లేచింది.

“పోయిరా అక్కా” అన్నాడు. “ఎండ కొడ్తున్నది, నీడ పొంటి పో.”

నేను దాటేదాకా తాడు వదల్లేదు.